కాల్చమన్న జెండా

"ఆవిడ చూసేసింది వదినా," అంది ఫెబి, తలుపు గడియ మీద నుంచి చెయ్యి తియ్యకుండానే. "లోపలికి అడుగు కూడా పెట్టలేదు. గుమ్మంలోంచే బల్ల మీదికి చూసింది. చూసి వెళ్ళిపోయింది."

హాల్లో చాపల మీద కూర్చున్న పదిహేను మందీ పాట మధ్యలో ఆపేశారు. శుక్రవారం ప్రార్థన అది. దోహాలో సెలవు శుక్రవారమే. ఇళ్ళల్లో కూటాలకి అనుమతి లేదు కనక, ఉమ్ ఘువైలినా పేటలో మూడో అంతస్తు ఫ్లాటులో, కిటికీలు మూసుకుని, ఏసీ చప్పుడుని మించి గొంతు లేవకుండా పాడుకునే ప్రార్థన. పాట ఆగిపోతే ఏసీ ఒక్కటే మిగిలింది.

ప్రార్థన నడిపిస్తున్న ఫెబి మొగుడు రాజ్ కిరణ్ బైబిలు మూశాడు. మంచివాడే, కానీ భయస్తుడు. ఫ్లాటు అతని పేరు మీద ఉంది మరి. "ముగించేద్దాం," అని రెండే రెండు ముక్కల్లో దీవెన చెప్పేశాడు. వచ్చినవాళ్ళు ఎప్పటిలాగే ఇద్దరిద్దరుగా, మధ్యలో ఐదేసి నిమిషాలు ఆగుతూ, మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడమే సుసన్నకి ఎక్కువ బాధనిపించింది.

చివరి జంట వెళ్ళేదాకా విద్యాసాగర్ పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాడు. తలుపు పడగానే చెల్లెలి మీద విరుచుకుపడ్డాడు.

"ఎవరు తియ్యమన్నారే నిన్ను తలుపు?"

"వదిన పేరు పెట్టి పిలుస్తుంటే తియ్యనా? తెల్లావిడ, ఒక్కతే, ఎండకి మొహం కందిపోయి నిలబడింది. ఎందుకొచ్చిందో తెలుసా నీకు?" ఫెబి చేతిలోని కార్డు అన్న ముందు పెట్టింది. "వదిన బతాకా. వాళ్ళింట్లో మర్చిపోయి వచ్చిందట. దార్లో పోలీసులు గుర్తింపు కార్డు అడిగితే ఇబ్బంది పడుతుందేమోనని ఈ జూన్ ఎండలో కారేసుకుని తెచ్చిచ్చింది మహాతల్లి."

ఆ మాట సుసన్నకి సూదిలా దిగింది. దయ తలచి వచ్చిన మనిషి ఏం చూసి వెళ్ళింది? ప్రార్థన బల్ల మీద పరిచిన ఎర్రబట్ట, దాని మీద తెల్ల శిలువ, శిలువ మీద రొట్టె, ద్రాక్షరసం గిన్నె. చుట్టూ సుసన్న తన చేత్తో కుట్టిన లేసు. కిర్స్టెన్ మేడమ్‌కి అది బల్ల మీది గుడ్డ కాదు. వాళ్ళ డెన్మార్క్ దేశపు జెండా. నాలుగు నెలల కిందట తానే మడతపెట్టి సుసన్న చేతిలో పెట్టి, కాల్చెయ్యమని చెప్పిన జెండా.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు విద్యాసాగర్ భార్యకేసి తిరిగి. "కాల్చమని ఇచ్చిందా లేదా?"

"ఇచ్చింది."

"కాల్చేశానని చెప్పావా లేదా?"

"చెప్పాను."

"మరి ఆవిడ పొగ చూసిందన్నావు. పెరట్లో ఇనప పీపాలోంచి పొగ వస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చూసిందని నువ్వే చెప్పావు నాకు. ఆ పొగ ఎక్కడిది?"

సుసన్న రొట్టె పళ్ళెం తీసి కిందపెట్టింది. గిన్నె తీసింది. ఇంకేదైనా తియ్యడానికి ఉందేమోనని చూసింది. ఏమీ లేదు.

"నా పాత ఎర్ర లంగా కాల్చాను," అంది.

రాజ్ కిరణ్‌కి నవ్వొచ్చింది పాపం. దగ్గుగా మార్చుకోబోయి, బావమరిది మొహం చూసి, మంచినీళ్ళ వంకన వంటింట్లోకి వెళ్ళిపోయాడు. విద్యాసాగర్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"లంగా! ఆవిడ చేతులు కట్టుకుని, తల వంచుకుని ఐదు నిమిషాలు నిలబడింది నీ లంగా ముందా?"

"శిలువని నా చేతులతో ఎలా కాల్చమంటారండీ?" సుసన్న గొంతు లేచింది. ఆ వెంటనే కిటికీ గుర్తొచ్చి తగ్గింది. "మా నాయన పోయిన రోజు పెట్టె మీద కప్పిన గుడ్డకి కూడా ఇలాంటి శిలువే. ఆవిడకి జెండా, నిజమే. నాకు కాదే! పెట్రోలు పోసి అగ్గిపుల్ల గీసి పడెయ్యడానికి నాకు చెయ్యి వస్తుందా?"

"చెయ్యి రాకపోతే రాలేదని చెప్పాల్సింది."

"చెప్పాల్సింది," అంది సుసన్న. అందులో వాదించడానికి ఏమీ లేదు.

విద్యాసాగర్ కుర్చీలో కూలబడ్డాడు. అతను ఒక కంట్రాక్టు కంపెనీ ఆఫీసులో నక్షాలు గీసే పని చేస్తున్నాడు. చెల్లెలి ఫ్లాటులో ఒక గది తీసుకుని ఉంటున్నాడు. భార్యని ఫ్యామిలీ వీసా మీద తెచ్చుకునేంత హోదా కంపెనీ అతనికి ఇవ్వలేదు. అందుకే సుసన్న ఇంటి పని వీసా మీద వచ్చింది, యెన్స్ అనే డెన్మార్క్ ఇంజనీరు ఇంటికి. వారానికి ఒక్క రోజే మొగుడి దగ్గరికి రావడం. మూడేళ్ళుగా అలాగే గడుస్తోంది. ఇప్పుడు ఆ యెన్స్ దొరకి ఇక్కడి పని అయిపోయింది. ఇంక పది రోజుల్లో పెళ్ళాంతో సహా వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేలోగా రిలీజు కాగితం మీద సంతకం పెడితే సుసన్న వేరే ఇంటికి మారొచ్చు. పెట్టకపోతే ఆమె ఖతర్ వదిలి వెళ్ళాలి. వెళ్తే రెండేళ్ళ దాకా మళ్ళీ రానివ్వరు.

"ఒక్క సంతకం," అన్నాడు విద్యాసాగర్. కోపం పోయి గొంతులో నీరసం మిగిలింది. "ఒక్క సంతకం కోసం నేను నెల రోజులుగా ఆ కొత్త ఇంటి చుట్టూ తిరుగుతున్నాను. నువ్వు లేసు కుట్టుకుంటూ కూర్చున్నావు."

ఫెబి చాపలు చుట్టడం మొదలుపెట్టింది. తరవాత అతనే తల ఎత్తాడు.

"పోనీ, ఇది వేరే జెండా అని చెప్పు. మీది కాలిపోయింది, ఇది సూక్ బజారులో కొన్నాం అని చెప్పు."

"డెన్మార్క్ జెండా సూక్‌లో ఎక్కడ అమ్ముతారన్నయ్యా?" అంది ఫెబి. "ఖర్జూరాల బుట్టల పక్కనా?"

"నువ్వు నోరు మూస్తావా?"

"మూస్తాను. అబద్ధం మీద అబద్ధం చెప్పించకు మరి."

సుసన్న ఇద్దరి మాటా వినలేదు. బల్ల మీది గుడ్డకేసి చూస్తోంది. ఆ గుడ్డ కథ ఆమెకి మొదటి నుంచీ తెలుసు.

సల్వా రోడ్డు వైపు ఆ విల్లాలో చేరిన కొత్తలో, ఆ జెండా చూసి ఆమె వీళ్ళెంత భక్తిపరులో అనుకుంది. పెరట్లో ప్రహరీ దాటి కనపడకుండా పొట్టి కర్ర ఒకటి పాతించాడు దొర. వాళ్ళింట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా పొద్దున్నే జెండా ఎక్కేది. కింద నేలని తగలకూడదు. పొద్దుగుంకేలోగా దించెయ్యాలి. "చీకటి పడ్డాక ఎగిరితే సైతానుకి స్వాగతం చెప్పినట్టని మా వాళ్ళు అంటారు," అని మేడమ్ నవ్వుతూ చెప్పింది. సుసన్న మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచీ జెండా ఉన్న ప్రతి సాయంత్రం, మగ్రిబ్ బాంగు ఇంకా మొదలు కాకముందే, పొయ్యి మీద ఏది మాడినా సరే, పరిగెత్తుకెళ్ళి దించి వచ్చేది. ఆకాశంలోంచి పడిందట ఆ జెండా, దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ కిందట, ఓడిపోబోతున్న యుద్ధంలో. అదీ మేడమే చెప్పింది. కథలే అని కూడా చెప్పింది. ఆ రెండో మాట సుసన్న చెవికి ఎక్కలేదు. ఆకాశంలోంచి పడినదాన్ని ఇనప పీపాలో వేసి కాలుస్తారా ఎవరైనా?

ఫిబ్రవరిలో మూడు రోజులు గాలి దుమారం లేచింది. రెండో రోజున మేడమ్ పుట్టినరోజు. గాలి తగ్గితే చాలని చూసి చూసి మధ్యాహ్నం ఎక్కించారు. సాయంత్రానికి కొస చిరిగి పీలికలైంది. చిరిగినదాన్ని ఎగరెయ్యకూడదు, చెత్తలో వెయ్యకూడదు, గుడ్డ పేలికగా వాడకూడదు, కాల్చాలి, అదీ మర్యాదగా. వాళ్ళ పద్ధతి అది. సుసన్న ఏం చేసిందంటే, చిరిగిన కొస కత్తిరించింది. కత్తిరిస్తే ఒక విచిత్రం జరిగింది. ఆ జెండాలో శిలువ మధ్యలో ఉండదు, కర్ర వైపుకి జరిగి ఉంటుంది. ఎవడో దర్జీ తప్పనే ఆమె అనుకునేది ఇన్నాళ్ళూ. కొస పోయేసరికి శిలువ సరిగ్గా నడిమికి వచ్చి కూర్చుంది. అది చూసి ఆమెకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. దేవుడే సరిచేశాడు అనుకుంది. అంతే, ఇంక లేసు కొనుక్కొచ్చింది.

"రేపు నిజం చెప్పేస్తాను," అంది సుసన్న.

"చెప్పి?" అన్నాడు విద్యాసాగర్.

"తెలీదండీ."

అతను లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ సాయంత్రం సుసన్నని టాక్సీ ఎక్కించడానికి కూడా కిందకి రాలేదు. ఫెబి వచ్చింది.

* * *

మర్నాడు పొద్దున్న విల్లాలో మాట లేదు.

సుసన్న ఎన్నో ఇళ్ళలో తిట్లు తిన్నవాళ్ళ కథలు విన్నది. గంగులమ్మని వాళ్ళ మేడమ్ చెప్పు విసిరి కొట్టిందట, కడప మనిషి గంగులమ్మ ఆ చెప్పు తీసి తుడిచి మళ్ళీ ఇచ్చిందట. అలాంటిదేదో జరిగితే బాగుండునని ఆ రోజు సుసన్నకి అనిపించింది. కిర్స్టెన్ తిట్టలేదు. పొద్దున్న తాగిన కప్పు తనే కడుక్కుంది. రొట్టె పళ్ళెం తనే కడుక్కుంది. నేల మీద రాలిన పొట్టు తనే ఊడ్చుకుంది. చీపురు కోసం సుసన్న చెయ్యి చాపితే, "ఫర్వాలేదు," అంది. ఆ ఒక్క మాటే పది గంటల దాకా.

రోజూ పదింటికి ఇద్దరూ వంటింటి బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగుతారు. మొదట్లో సుసన్నకి అది నరకంలా ఉండేది. యజమానురాలి ఎదురుగా కుర్చీలో కూర్చోవడమా! నన్ను పేరు పెట్టి పిలువు అని ఆవిడ, మేడమ్ అని ఈవిడ, మూడేళ్ళు ఎవరి పట్టు వాళ్ళదే. సుసన్న పాస్‌పోర్టులో జూలై ఒకటి అని ఉంది పుట్టినరోజు. బళ్ళో వేయించిన తారీఖు అది, నిజమైనది వాళ్ళమ్మకే గుర్తులేదు. అయినా ఆ రోజున కిర్స్టెన్ పెరట్లో జెండా ఎక్కించింది. కాఫీ కప్పు చుట్టూ వేలెడేసి కాగితం జెండాలు గుచ్చి పెట్టింది. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక మొదటి పుట్టినరోజు. ఆ రోజు తను ఏడ్చిందని సుసన్న ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

ఈ రోజు పదింటికి బల్ల మీద ఒక్క కప్పే ఉంది.

సుసన్న కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడింది. వచ్చీరాని ఇంగ్లీషులో, మాటలు వెతుక్కుంటూ, అంతా చెప్పేసింది. కత్తిరించడం, లేసు, చిరిగిన పీలికలు కూడా పారెయ్యకుండా వెనక అతుకు వేసి కుట్టడం, అన్నీ.

కిర్స్టెన్ గోడ మీది క్యాలెండరుకేసి చూస్తూ వింది. వాళ్ళ దేశం క్యాలెండరు అది. మార్చి నెలకి నీళ్ళ మీద హంస, మేకి లేత ఆకుల చెట్లు, జూన్‌కి తెల్ల రేకుల మధ్య పసుపు బొడ్డున్న పూలు. ఆ హంస బొమ్మ చూసి, మా వైపు హంస అనేది మాటల్లోనే మేడమ్, కంటికి కనిపించేవి కొంగలే అని సుసన్న ఒకసారి చెబితే కిర్స్టెన్ పడి పడి నవ్వింది. వాళ్ళ నాన్న ఇంటి వెనక చెరువులో హంసల జంట ఉంటుందట. ఆ పెద్దాయన నాలుగేళ్ళ కిందట, వీళ్ళు ఇక్కడికి రాకముందే పోయాడు.

"అయితే ఆ రోజు నేను తల వంచింది దేనికి?" అంది కిర్స్టెన్.

"నా లంగాకి మేడమ్."

అది కూడా చెప్పెయ్యాలనే వచ్చింది సుసన్న. చెప్పింది. కిర్స్టెన్ నవ్వలేదు. కప్పు బల్ల మీద పెట్టి, దాని చెవి ఒక పక్కకి తిప్పి, మళ్ళీ ఇటు తిప్పింది.

"అది మా నాన్న జెండా, సుసన్నా. ఆయన తోటలో ఇరవై ఏళ్ళు ఎగిరింది. ఆయన పోయిన రోజు దాన్నే సగం దాకా దించాం. పూడ్చి వచ్చాక మళ్ళీ పైదాకా ఎక్కించాం. తరవాత నాతో ఇక్కడికి తెచ్చుకున్నాను. చిరిగిపోయాక నేను కాల్చలేక నీకు ఇచ్చాను. నాకూ చెయ్యి రాలేదు."

సుసన్న బల్ల మీది ఆ ఒక్క కప్పుకేసి చూసింది.

"ఆ రోజు గుమ్మంలో నిలబడి, ఇంక నాన్నని సాగనంపేశాను అనుకున్నాను," అంది కిర్స్టెన్. "నాలుగు నెలలు అలాగే అనుకున్నాను."

"నాకు తెలీదు మేడమ్. మీ నాన్నగారిదని తెలిస్తే..."

"తెలిస్తే కాల్చేదానివా?"

సుసన్న ఆలోచించింది. ఈసారి అబద్ధం చెప్పకూడదని గట్టిగా అనుకుంది. "లేదు మేడమ్. అప్పుడూ కాల్చను. కానీ మీ చేతికే తిరిగి ఇచ్చేసేదాన్ని."

ఏసీ ఆగి మళ్ళీ మొదలైంది. బయట ఎవరిదో కారు వెనక్కి వెళ్తున్న చప్పుడు వినపడింది.

"ఆ కొత్త ఇంటివాళ్ళు యెన్స్‌ని ఒక ఉత్తరం అడిగారు," అంది చివరికి. "నమ్మదగ్గ మనిషా కాదా అని. మా దగ్గర అలాంటి ఉత్తరంలో అబద్ధం రాయం. మొన్నటిదాకా నమ్మదగ్గ మనిషని రాయడానికి యెన్స్‌కి రెండో ఆలోచనే లేదు. నిన్న సాయంత్రం ఆయనకి చెప్పాను. ఆయన కలం కింద పెట్టేశాడు. ఆ ఉత్తరం లేకుండా రిలీజు కాగితం ఇవ్వడం ఆయనకి ఇష్టం లేదు."

సుసన్న కుర్చీ వీపు పట్టుకుంది.

"నా జెండా నాకు తెచ్చి ఇవ్వు," అంది కిర్స్టెన్. "లేసు ఉంటే ఉండనీ. నాతో తీసుకెళ్ళి మా నాన్న తోటలో నేనే కాలుస్తాను. నీ చేత కాల్పించను. అది నా చేతిలో పడితే మనిద్దరి మధ్యా ఇంకే గొడవా ఉండదు. యెన్స్‌తో నేను మాట్లాడతాను. మూడింటికి వస్తాడు ఆయన."

సుసన్నకి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది. పడితే ఈవిడకి నచ్చదని తెలుసు. అందుకని, మూడేళ్ళలో మొదటిసారి, "థాంక్యూ, కిర్స్టెన్," అంది. అని, చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి రెండడుగులు వేసి, కాళ్ళు కాలి మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఎండలో టాక్సీ దొరికేసరికి పన్నెండు దాటింది. అయినా ఉమ్ ఘువైలినా చేరేదాకా ఆమె మనసు దూదిలా తేలిపోయింది. లేసు విప్పెయ్యనా, ఉంచనా అని ఒక్కటే ఆలోచన. విప్పుదామనుకుంది. ఆవిడ నాన్నది ఆవిడకి శుభ్రంగా చేరాలి.

* * *

ప్రార్థన బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ ఉంది.

సుసన్న బీరువా తెరిచింది. బైబిళ్ళు పెట్టే పెట్టె తెరిచింది. దిండ్ల కింద చూసింది. ఫెబి ఆస్పత్రిలో డ్యూటీలో ఉంది. రాజ్ కిరణ్ ఆఫీసులో. విద్యాసాగర్ మధ్యాహ్నం విరామానికి ఇంటికి వచ్చి పెరుగన్నం తింటున్నాడు. ఆమె హడావిడి చూస్తూనే ఉన్నాడు, ముద్ద మింగుతూనే ఉన్నాడు.

"ఏదండీ అది?"

"లేదు."

"లేదంటే?"

"ఇంట్లో లేదు. నిన్న రాత్రంతా ఆలోచించాను. వస్తువు ఇంట్లో ఉంటేనే కదా గొడవ. లింబాద్రి ఇవాళ పొద్దున్న బొంబాయి ఫ్లయిటుకి వెళ్ళాడు. వాడి పెట్టెలో పెట్టి పంపించేశాను. హైదరాబాదులో మా తమ్ముడికి అందిస్తే వాడు మన ఊరి చర్చికి ఇస్తాడు. అమ్మ ఎప్పటి నుంచో బల్ల గుడ్డ పంపమంటోంది."

లింబాద్రి వాళ్ళ కంపెనీలో డ్రైవరు, నిజామాబాద్ వైపు మనిషి. ఊరికి వెళ్ళేవాళ్ళ పెట్టెలో నలుగురి మూటలూ ఎక్కడం దోహాలో మామూలే. "గీ బట్టకేముందన్నా బరువు, గట్లనే ఇస్త తియ్యి అన్నాడు," అని కూడా చెప్పాడు విద్యాసాగర్, ఏదో ఘనకార్యం చేసినట్టు.

సుసన్న నేల మీద కూర్చుండిపోయింది. మేడమ్ చెప్పిందంతా చెప్పింది. నాన్న జెండా అని, తెచ్చి ఇస్తే చాలంది అని, మూడింటికి దొర వస్తాడని. వింటూ వింటూ విద్యాసాగర్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"ఫ్లయిటు ఎప్పుడు?" అంది.

"పదకొండున్నరకి. వెళ్ళిపోయింది."

"మీరు నన్నన్ని మాటలు అన్నారే నిన్న. కాల్చమంటే కాల్చలేదని. మరి మీరు ఎందుకు కాల్చలేదు? మేడ మీదికి తీసుకెళ్ళి ఒక్క అగ్గిపుల్ల గీస్తే సరిపోయేది కదా. ఎందుకు పంపించారు ఊరికి?"

విద్యాసాగర్ కంచం పక్కకి జరిపాడు. లేచి చెయ్యి కడుక్కుని వచ్చాడు. వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"అగ్గిపెట్టె తీసుకునే వెళ్ళాను మేడ మీదికి," అన్నాడు నెమ్మదిగా. "నా వల్ల కాలేదే."

మొగుడి మీద ఆమెకి అప్పుడు కోపం రాలేదు. జాలి వేసింది. ఆ జాలి వల్ల కోపం కంటే ఎక్కువ నీరసం వచ్చింది.

ఏం చెయ్యాలో తేలకుండానే గడియారం మూడూ పది చూపించింది. విద్యాసాగర్ ఫోను తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇలా విను. ఆవిడకి కావలసింది ఏంటి? అది కాలిపోవాలి, అంతే కదా. కాల్చేశామని చెప్పు. నిన్న మీరు చూసి వెళ్ళాక భయమేసి, మేడ మీద మర్యాదగా కాల్చేశాం, నాకు తెలీకుండా మా ఆయన కాల్చాడు అని చెప్పు. ఆవిడ మనసు కుదుటపడుతుంది. దొర సంతకం పెడతాడు. పది రోజుల్లో వాళ్ళు డెన్మార్క్‌లో ఉంటారు. అది మన ఊరి చర్చిలో ఉంటుంది. ఎవరికి నష్టం చెప్పు?"

"ఆవిడ వాళ్ళ నాన్నని సాగనంపేశాననుకుంటుంది. మళ్ళీ."

"అనుకోనీ! నువ్వు రెండేళ్ళు వెళ్ళిపోతే నేను ఏమైపోవాలి?"

సుసన్న అతని మొహంలోకి చూసింది. పెళ్ళైన ఎనిమిదేళ్ళలో మొదటి మూడేళ్ళే ఒక ఇంట్లో, తరవాతి రెండేళ్ళు ఉత్తరాల్లో, ఈ మూడేళ్ళూ వారానికి ఒక్కరోజు. అతని మాటలో తప్పేముంది? ఎవరికీ నష్టం లేని అబద్ధం. మొదటిదీ అలాగే ఉండింది కదా, అనుకుంది.

నంబరు తిప్పింది. రెండు సార్లు మోగింది. ఎత్తింది మేడమ్ కాదు.

"సుసన్నా?" అన్నాడు యెన్స్. ఆయన మాటలు ఎప్పుడూ కొలిచినట్టే ఉంటాయి. "కిర్స్టెన్ నాకు అంతా చెప్పింది. ఉత్తరం నా ముందే ఉంది. జెండా తెస్తున్నావా?"

"లేదు సార్. అది ఇక్కడ లేదు."

అవతల కుర్చీ జరిగింది. ఆయన ఎవరితోనో వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. ఆడగొంతు ఒక ముక్క జవాబు చెప్పింది.

"కాల్చేశారా?" అని అడిగాడు యెన్స్.

విద్యాసాగర్ ఆమె కళ్ళలోకి చూస్తూ తల ఊపాడు. అవునని చెప్పమని. రెండు చేతులూ జోడించాడు. మొగుడు తనకి చేతులు జోడించడం సుసన్న ఎన్నడూ చూడలేదు.

"కాల్చలేదు సార్," అంది.

ఆ మాట పూర్తవుతుండగానే విద్యాసాగర్ వేలు ఫోను మీది మీట నొక్కేసింది. లైను తెగిపోయింది. "కాల్చలేదు" అవతలికి చేరిందో, సగంలోనే ఆగిందో ఇద్దరికీ తెలీదు.

అతను వేలు తియ్యలేదు. ఆమె రిసీవరు దించలేదు.

"తియ్యండి చెయ్యి," అంది సుసన్న.

అతను తీశాడు. ఆమె రిసీవరు పెట్టేసింది, మళ్ళీ ఎత్తి నంబరు తిప్పాలని. పెట్టిన మరుక్షణమే ఫోను మోగింది.

ఇద్దరి చేతులూ ఒక్కసారే దాని మీద పడ్డాయి. అతని చెయ్యి కింద ఉంది, ఆమె చెయ్యి పైన ఉంది. ఎవరూ ఎత్తకుండానే అది మోగుతోంది.